ఇల్మారినెన్ కొలిమి: పనితనానికి 5కి 5, మిగతాదానికి మాత్రం ఆలోచించుకోండి

ముందే చెప్పేస్తున్నా, పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఈ కొలిమికి ఆర్డర్ ఇచ్చిన ప్రతివాళ్లూ, చివరికి కొలిమి యజమానితో సహా, వస్తువు చేతికొచ్చాక సుఖపడ్డారా అంటే, ఒక్కావిడ తప్ప ఎవరూ లేరు. ఆ ఒక్కావిడ సంగతి కింద రాశాను. రివ్యూ పొడుగైంది, ఏమనుకోకండి. ఆయన చేసినవి మామూలు కత్తులూ కొడవళ్లూ అయితే నాలుగు ముక్కల్లో తేల్చేసేదాన్ని.

ఊరు ఫిన్లాండ్. అడ్రస్ అంటారా, అది కావ్యంలో ఉంది. ఎలియాస్ లోన్‌రోట్ అని కయానిలో జిల్లా డాక్టరు, ఉద్యోగం చేస్తూనే కరేలియా పల్లెలు తిరిగి ముసలివాళ్లు పాడే పాటలు రాసుకొచ్చి, వాటిని గుదిగుచ్చి 1835లో కలేవాలా అని అచ్చువేశాడు. తర్వాత పాటలు ఇంకా దొరికితే పెంచి 1849లో మళ్లీ వేశాడు: 50 పాటలు, 22,795 పాదాలు. నేను రాస్తున్నది ఆ పెద్ద ప్రతిని బట్టే. పల్లెల్లో పాడిన పాటల్లో ఇదే కమ్మరి కథ రకరకాలుగా ఉంటుంది కాబట్టి, మా దాంట్లో అలా లేదే అని ఎవరైనా అంటే నాకు అభ్యంతరం లేదు.

యజమాని పేరు సెప్పో ఇల్మారినెన్. సెప్పో అంటే కమ్మరే. ఇల్మా అంటే గాలి, వాతావరణం. ఈయన కావ్యం కోసం పుట్టించిన పాత్రేమీ కాదు. 1551లోనే మికాయెల్ అగ్రికోలా అనే మతగురువు జనం ఇంకా కొలుస్తున్న పాత దేవుళ్ల జాబితా రాస్తూ, ఇల్మారినెన్ వాతావరణాన్ని చక్కబెడతాడు, బాటసారులకు దారి చూపిస్తాడు అని రాసిపెట్టాడు. అంటే ఒకప్పుడు దేవుడే, కావ్యంలోకి వచ్చేసరికి మసి పూసుకున్న పనివాడయ్యాడు. నాకైతే అది డిమోషన్ అనిపించలేదు.

ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇప్పటికీ పని చేస్తోంది. తల ఎత్తి చూడండి. ఆకాశపు కప్పు ఈయన సాగగొట్టిందే. పాటలో దాని గురించి ఒక మాట ఉంది, నన్ను ఈ కొలిమి దాకా లాక్కొచ్చింది ఆ మాటే: దాని మీద సుత్తి దెబ్బ కనబడదట, పటకారు పట్టిన గుర్తు కనబడదట. చేత్తో కొట్టిన ఇనప వస్తువు ఏదైనా వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి, పక్కల మీద చిన్న చిన్న గుంటలు తగులుతాయి, సుత్తి ఎక్కడ పడిందో, పనివాడికి చెయ్యి ఎక్కడ అలిసిందో కూడా చెప్పొచ్చు. అంత పెద్ద రేకు కొట్టి ఒక్క గుంట కూడా లేకుండా ఇచ్చాడంటే ఇంక మాట్లాడేదేముంది. వారంటీ కార్డు లేదు గానీ ఇంతవరకూ కంప్లయింట్ రాలేదు.

ముడిసరుకు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మొదటి పొరపాటు అక్కడే జరిగింది. ఈయన పుట్టిందే బొగ్గుల గుట్ట మీద, చేతిలో రాగి సుత్తి, గుప్పిట్లో చిన్న పటకారుతో. మర్నాటి కల్లా కొలిమి పెట్టేశాడు. ఇనుము ఎక్కడ దొరికిందయ్యా అంటే బురద నేలలో. అన్న అయిన నిప్పుకి భయపడి ఇనుము చిత్తడిలో దాక్కుందట, తోడేళ్లూ ఎలుగుబంట్లూ నడిచిన అడుగుజాడల్లో తుప్పు రంగు తేలితే ఈయన పసిగట్టాడు. కట్టుకథలా ఉంది గానీ కాదు, ఫిన్లాండ్‌లో వందల ఏళ్లు ఇనుము నిజంగానే చిత్తడి నేలల నుంచీ చెరువుల అడుగు నుంచీ తవ్వి తీసేవాళ్లు. పాట కట్టినవాళ్లకి కొలిమి పని బాగా తెలుసు, వినికిడితో కట్టిన పాట కాదిది.

ఉక్కు గట్టిపడాలంటే కాల్చి నీళ్లలో ముంచాలి కదా. ఈయన ఆ నీళ్లని నాలిక మీద వేసుకుని రుచి చూస్తాడు! చూసి, ఇది పనికిరాదు, తేనె కావాలి అని తేనెటీగని పంపిస్తాడు. ఈ మాట చూరు మీద కూర్చున్న కందిరీగ వింది. అది హీసి అనే దుష్టశక్తి మనిషి. తేనెటీగ వచ్చేలోపు అది పాము విషం తెచ్చి నీళ్లలో కలిపేసింది, ఈయన తేనె వచ్చిందనుకుని ముంచేశాడు. తోబుట్టువుని గాయపరచను అని ఒట్టేసి కొలిమిలోకొచ్చిన ఇనుము ఆ క్షణం నుంచీ మనుషుల్ని కొయ్యడం మొదలుపెట్టిందట. నీళ్లని రుచి చూసినవాడు కలిపిన సరుకుని ఎందుకు రుచి చూడలేదు? ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే సరిపోయేది. వస్తువు మీద ఉన్న శ్రద్ధ, ఆ వస్తువు దగ్గరికి ఎవరు ఏం మోసుకొస్తున్నారన్న దాని మీద ఉండదు ఈయనకి. ఈ అలవాటు తర్వాత చాలా ఖరీదు కట్టించింది.

ఇక సంపో. ఈ కొలిమి పేరు చెప్పగానే అందరూ అడిగేది దీని గురించే.

ఆర్డర్ ఇచ్చింది పోహ్యోలా అనే ఉత్తరదేశపు యజమానురాలు లౌహి. (పేరులో లోహం వినిపిస్తోంది గానీ మన లోహానికీ దానికీ సంబంధం లేదు.) ఆర్డర్ తీసుకున్నది మాత్రం ఈయన కాదు. వైనామొయినెన్ అనే ముసలి గాయకుడు అక్కడ ఇరుక్కుని, తను ఇంటికి చేరడానికి, మా కమ్మరిని పంపిస్తాను, సంపో చేసిస్తాడు అని మాటిచ్చి వచ్చేశాడు. ఇంటికొచ్చి అడిగితే ఈయన ససేమిరా రానన్నాడు. అప్పుడు ముసలాయన పాట పాడి ఒక ఎత్తైన స్ప్రూస్ చెట్టుని మొలిపించి, దాని కొసన చంద్రుణ్నీ కొమ్మల్లో సప్తర్షుల్నీ నిలబెట్టి, ఎక్కి కోసుకో నాయనా అన్నాడు. ఈయన ఎక్కాడు. ఆకాశాన్నే కొట్టిన మనిషి, చెట్టు మీద చంద్రుడంటే నమ్మి ఎక్కాడు! వెంటనే గాలి లేచి ఎత్తుకెళ్లి పోహ్యోలా వాకిట్లో పడేసింది. స్నేహితుడు చేసే పనేనా ఇది.

లౌహి ఇచ్చిన సామాను చూడండి: హంస ఈక కొన, గొడ్డుటావు పాలు, ఒక్క బార్లీ గింజ, గొర్రె ఒంటి మీది కాస్త ఉన్ని. వీటితో పిండి, ఉప్పు, డబ్బు వాటంతటవే విసిరే మర చెయ్యాలి. గొడ్డుటావుకి పాలేమిటని అడగాల్సిన ఆయన అడగలేదు. అక్కడ కొలిమే లేదు, సుత్తి లేదు, దాగలి లేదు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. ఈయన చోటు కోసం రోజుల తరబడి వెతికి, మూడో రోజుకి ఒక వన్నెల బండ దొరికితే దాని దగ్గరే కొలిమి కట్టి తిత్తులు బిగించాడు.

తర్వాత జరిగింది చదివి నేను ఈయనకి అభిమానినైపోయాను. మొదటి రోజు మంటలో తొంగి చూస్తే బంగారు విల్లు వచ్చింది. వెండి కొసలు, రాగి చెక్కుడు, చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ దాని బుద్ధి మంచిది కాదు. రోజుకో తల అడుగుతుంది, పండగైతే రెండు. విరిచి మళ్లీ నిప్పులో పడేశాడు. రెండో రోజు ఎర్రటి పడవ, అందంగా ఉంది గానీ కారణం లేకుండా యుద్ధానికి బయల్దేరుతుంది. నిప్పులోకి. మూడో రోజు బంగారు కొమ్ముల పెయ్య. అడవిలో పడుకుంటుంది, పాలు నేలపాలు చేస్తుంది. నిప్పులోకి. నాలుగో రోజు బంగారు నాగలి, పక్కవాడి చేలో దిగబడి దున్నుతుంది. అదీ నిప్పులోకే. నాలుగు రోజుల పని, అంత బంగారం, పైగా చూసేవాళ్లెవరూ తప్పు పట్టలేనంత నునుపు, అయినా గుణం బాగాలేదని తన చేత్తో తనే విరిచేశాడు. రంగు బాగుంటే చాలు అమ్మేద్దాం అనే ఈ లోకంలో ఇలాంటి క్వాలిటీ చెక్ నేనింకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత తిత్తుల్ని గాలులకే అప్పజెప్పాడు. నాలుగు దిక్కుల గాలులూ మూడు రోజులు ఊదితే సంపో పుట్టింది. ఒక పక్క పిండి మర, ఒక పక్క ఉప్పు మర, ఇంకో పక్క డబ్బు మర, పైన వన్నెల మూత. మొదటి సాయంత్రమే మూడు గాదెలు విసిరింది: ఒకటి తినడానికి, ఒకటి అమ్మడానికి, ఒకటి దాచుకోవడానికి. అసలు సంపో అంటే ఏమిటి, తిరగలా, ఆకాశాన్ని మోసే స్తంభమా, నిధి పెట్టెనా అని పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. అక్సెలి గాలెన్-కల్లెలా అనే చిత్రకారుడు 1893లో ఈ ఘట్టం వేశాడు, సంపోని మాత్రం వెయ్యలేదు. కొలిమి ముందు వంగి మంటలోకి చూస్తున్న కమ్మరిని వేసి వదిలేశాడు. తెలివైన పని అనిపించింది నాకు, ఎందుకంటే ఈ కొలిమిలో చూడాల్సింది ఆ చూపే.

మరి సంపో ఏమైంది? లౌహి దాన్ని తీసుకెళ్లి రాతికొండలో పెట్టి తొమ్మిది తాళాలేసింది. తొమ్మిది బారల లోతున వేళ్లు కూడా దిగాయి. రోజుకో తల అడిగే విల్లుని విరిచేసిన మనిషి, లోకానికి సరిపోయే మరని ఒక్కరి కొండలో దాచుకునే కస్టమర్‌ని మాత్రం, అమ్మా ఇది నీకెందుకు అని ఒక్క మాట అడగలేదు. వస్తువుల గుణం చూస్తాడు, మనుషుల గుణం చూడడు. సర్వీస్‌కి నేను తగ్గించిన మార్కుల్లో చాలావరకు ఇక్కడే పోయాయి.

కూలి సంగతి ఇంకా అన్యాయం. సంపో చేసిస్తే కూతుర్నిస్తామన్నారు. పని అయ్యాక వెళ్లి, పిల్లా వస్తావా అంటే, ఆ పిల్ల నేను వెళ్లిపోతే ఇక్కడ కోకిలల్ని ఎవరు పలికిస్తారు, అడవిలో పళ్లు ఎవరు ఏరుతారు, నేను రానుపో అంది. ఈయనేమన్నాడు? ఏమీ అనలేదు, తల వేలాడేసుకుని, ఇంటికెలా వెళ్లాలా అని దిగులుపడ్డాడు. లౌహి ఒక పడవ ఎక్కించి పంపేసింది. అంతే. తర్వాత వైనామొయినెన్‌కి పోటీగా మళ్లీ వెళ్తే ఇంకో మూడు పరీక్షలు పెట్టారు, పాములున్న చేను దున్ను, చావులోకపు ఎలుగుని, తోడేలుని కళ్లెం వేసి పట్టుకురా, ఆ లోకపు నదిలో పెద్ద చేపని వల లేకుండా పట్టు అని. ఇనుముతో ఒక గద్దని చేసి చేపని పట్టించాడు. అన్నీ చేశాక పెళ్లయింది. ఒక పనికి రెండుసార్లు కూలి కట్టించుకునేవాళ్లని చూశాం గానీ, ఒక కూలికి నాలుగుసార్లు పని చేసినవాణ్ని ఈయన్నే చూశా.

ఇప్పుడు పైన చెప్పిన ఆ ఒక్కావిడ. లెమ్మిన్‌కైనెన్ అని ఒక దూకుడు కుర్రాడు, చెప్పినా వినకుండా వెళ్లి చచ్చిపోతాడు, వాణ్ని ముక్కలు చేసి చావునదిలో కలిపేస్తారు. వాళ్లమ్మ ఈ కొలిమికొచ్చి ఒక దంతె చేసిపెట్టమంటుంది. రాగి కాడ, ఇనప పళ్లు, వంద బారల పళ్లు. ఎందుకు, ఏమిటి, అడ్వాన్స్ ఎంత, ఏమీ లేదు, చేసిచ్చాడు. ఆవిడ ఆ దంతెతో నీళ్లలో దువ్వింది. ముందు చొక్కా దొరికింది. తర్వాత టోపీ, మేజోళ్లు. ఇంకా లోతుకి దిగి దువ్వితే కొడుకు దొరికాడు, సగం తల లేదు, ఒక చెయ్యి లేదు, ఇంకా చాలా ముక్కలు లేవు. మళ్లీ దువ్వింది. నిలువునా, అడ్డంగా, ఏటవాలుగా దువ్వి ఒక్కొక్క ముక్కా తెచ్చి, ఎముకకి ఎముక, నరానికి నరం అతికించింది. చివరికి వాడు లేచి కూర్చున్నాడు. చాలాసేపు నిద్రపోయాను అన్నాడట వెధవ.

ఈ కొలిమిలో తయారైన వాటిలో నాకు నచ్చింది ఏదంటే సంపో కాదు, ఈ దంతె. బంగారం లేదు, వన్నెల మూత లేదు. ఏం కావాలో కచ్చితంగా తెలిసిన మనిషి వచ్చి అడిగింది, ఆయన చేసిచ్చాడు, అది పని చేసింది.

ఇక నాకు నచ్చనిది. భార్య చనిపోయాక (ఇంట్లో పనికి పెట్టుకున్న కుల్లెర్వో అనే కుర్రాడి చేతిలో, అది వేరే పెద్ద కథ, తప్పు ఆవిడది కూడా ఉంది) ఈయన నిద్ర పట్టక ఏడుస్తూ గడిపి, కొన్నాళ్లకి బంగారం, వెండి పోగేసి కొలిమిలో పెట్టాడు. ముందు గొర్రె వచ్చింది, తర్వాత గుర్రప్పిల్ల వచ్చింది, రెండూ నిప్పులోకే. మూడోసారి బంగారు పిల్ల వచ్చింది. చేతులు, కాళ్లు, కళ్లు, నోరు అన్నీ కుదిరాయి, మాట మాత్రం లేదు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని దుప్పట్లు, ఎలుగుతోళ్లు కప్పుకున్నాడు. తెల్లారి చూసుకుంటే, దుప్పట్ల వైపు ఉన్న పక్క వెచ్చగా ఉంది, ఆ బొమ్మకి ఆనుకున్న పక్క మంచులా గడ్డకట్టి ఉంది.

చదువుతుంటే నా పక్క కూడా చల్లబడింది. జాలేసింది. కానీ తర్వాత ఈయన చేసిన పనికి ఆ జాలి కాస్తా పోయింది. ఆ బొమ్మని తీసుకెళ్లి, నీకు పెళ్లాంగా ఉంటుంది తీసుకో అని వైనామొయినెన్‌కి ఇవ్వబోయాడు. సెకండ్ హ్యాండ్ అన్నమాట. ముసలాయన కరిగించి ఇంకేమైనా చేసుకో, లేకపోతే రష్యాకో జర్మనీకో పంపెయ్, నాకొద్దు అన్నాడు. అక్కడితో ఆగాడా, మళ్లీ పోహ్యోలా వెళ్లి చనిపోయిన భార్య చెల్లెల్ని అడిగాడు, లౌహి ఇవ్వనంటే ఎత్తుకొచ్చేశాడు, దారి పొడుగునా ఆ పిల్ల ఏడుస్తూ తిడుతూ ఉంటే కోపమొచ్చి సీగల్ అనే సముద్రపు పక్షిగా మార్చేశాడు. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోటు అంటారు, ఇక్కడ ఆ పిల్ల చేసిన తప్పల్లా ఆ ఇంట్లో పుట్టడమే. ఎంత పనివాడైనా దీనికి సమర్థింపు లేదు. ఒక స్టార్ ఇక్కడే పీకేశాను.

సంపో వారంటీ గురించి అడుగుతున్నవాళ్లకి: లేదు. ముగ్గురు కలిసి దాన్ని ఎత్తుకురావడానికి వెళ్లారు, వైనామొయినెన్, లెమ్మిన్‌కైనెన్, ఈయన. తాళాలు కిర్రుమనకుండా, తలుపు బందులు చప్పుడు చెయ్యకుండా వెన్న రాసింది ఎవరనుకున్నారు, మన కమ్మరే. తను చేసిన వస్తువుని తనే దొంగతనం చెయ్యడానికి వెన్న గిన్నె పట్టుకుని నిలబడ్డ పనివాడు! తీరా పడవలో వస్తుంటే లెమ్మిన్‌కైనెన్ పాట ఎత్తుకుని ఊరు లేపాడు, లౌహి వెంటపడింది, పెనుగులాటలో సంపో సముద్రంలో పడి ముక్కలైంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కలే ఆ దేశానికి పంటలూ సిరీ ఇచ్చాయంటారు. ఇంకోటి చేసిపెట్టు అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చేస్తాననలేదు. నాకిది వింతగా ఉంటుంది. ఫార్ములా తెలిసినవాడు ఎదురుగానే ఉన్నాడు కదా.

(ఇప్పటి ఫిన్లాండ్‌లో ఇల్మారినెన్ అనే పేరుతో పెద్ద పెన్షన్ బీమా కంపెనీ ఉంది. చేసిన పనికి కూలి రాబట్టుకోలేని మనిషి పేరు పెన్షన్‌కి పెట్టారంటే వాళ్ల హాస్యానికి దండం పెట్టాలి.)

చివరి ఆర్డర్. లౌహి పగబట్టి సూర్యుణ్నీ చంద్రుణ్నీ కొండలో దాచేసింది. లోకమంతా చీకటి. ఈయన కూర్చుని బంగారంతో చంద్రుణ్ని, వెండితో సూర్యుణ్ని కొట్టాడు. వైనామొయినెన్ వచ్చి చూసి, ఎందుకీ వృథా ప్రయాస, ఇవి వెలగవు అన్నాడు. వినలేదు. తల మీంచి చెమటలు కారుతుంటే చంద్రుణ్ని స్ప్రూస్ కొసకి, సూర్యుణ్ని పైన్ కొసకి మోసుకెళ్లి నిలబెట్టాడు. వెలగలేదు. అదే మనిషి మొదట్లో చెట్టు కొసన ఉన్న పాట చంద్రుణ్ని చూసి మోసపోయాడు, చివరికొచ్చేసరికి తనే అలాంటి చంద్రుణ్ని చెట్టు కొసన పెట్టి మోసపోయాడు.

తర్వాత ముసలాయన అడిగితే, లౌహి కొండని బద్దలుకొట్టడానికి గునపాలు, తాళాలు తీయడానికి చెవుల గుత్తి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు లౌహికి వినపడింది. డేగ రూపంలో ఎగిరొచ్చి కొలిమి కిటికీలో వాలి, ఏం చేస్తున్నావు కమ్మరీ అని అడిగింది. ఈయన తల కూడా ఎత్తి ఉండడు, నా ఊహ. పోహ్యోలా ముసల్దాని మెడకి పట్టీ కొడుతున్నా, దాన్ని కొండకి కట్టెయ్యడానికి అన్నాడు.

కావ్యం మొత్తంలో ఈయన కస్టమర్‌కి సరైన జవాబు చెప్పింది ఇదొక్కసారే. లౌహి గుండె జారిపోయింది. వెళ్లి సూర్యచంద్రుల్ని వదిలేసింది. మళ్లీ పావురమై వచ్చి గడప మీద వాలితే, ఎందుకొచ్చావే అన్నాడు ఈయన. చంద్రుడొచ్చాడు, సూర్యుడొచ్చాడు, అది చెప్పడానికే వచ్చానంది. సుత్తి పక్కన పెట్టి, బయటికొచ్చి, తల ఎత్తి చూశాడు. నిజమే.

సర్వీస్‌కి రెండు స్టార్లే ఇద్దామనుకున్నాను, ఆ మెడపట్టీ కోసం రెండున్నర ఇస్తున్నా. అది అసలు తయారుకాలేదు కూడా.